‘ఫొహో’ డాన్సుకి ఆ పేరు ‘ఫర్ ఆల్’ నుంచి వచ్చిందా?

ఓరుగల్లు కుర్రాడు రాశారు:

అందరికీ నమస్కారం. నేను జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాను. ఇక్కడ మా యూనివర్సిటీ పక్కనే ఒక హాల్లో వారానికోసారి బ్రెజిల్ జంట డాన్సు క్లాసు పెడతారు. రూమ్మేట్ బలవంతం మీద వెళ్లాను, ఇప్పుడు వాడు మానేశాడు, నేను మానలేదు. డాన్సు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే ‘ఫొర్రో’ అని ఉంటుంది, వాళ్లు మాత్రం ‘ఫొహో’ అంటారు.

మొన్న క్లాసులో పేరు గురించి పెద్ద గొడవే అయింది. మా టీచరు జర్మన్. ఆయన చెప్పిందేమిటంటే, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రెజిల్‌లో అమెరికా సైనిక స్థావరం ఉండేదట. వాళ్లు పార్టీలు పెట్టినప్పుడు ‘ఫర్ ఆల్’ అని, అంటే అందరూ రావచ్చని బోర్డు పెట్టేవారట. స్థానికుల నోట్లో అదే ‘ఫొహో’ అయిందట. ఇంకొకాయన లేచి, అమెరికన్లు కాదు, అంతకు ముందే రైల్వే లైన్లు వేసిన ఇంగ్లీషువాళ్లు పెట్టిన బోర్డు అన్నాడు. క్లాసులో బ్రెజిల్‌లోని సియరా రాష్ట్రం అమ్మాయి ఒకామె ఉంది. ఆమెకి నిజంగా కోపం వచ్చింది. “మా అమ్మమ్మ వాళ్ల మాటకి మీకెందుకు ఇంగ్లీషు తండ్రి కావాలి?” అని అడిగింది. ఎవరూ ఏం మాట్లాడలేదు, పాట పెట్టేశారు.

ఇక్కడ బ్రెజిల్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఉన్నారని చూశాను. అసలు సంగతి ఏంటి? ఇంకో డౌటు కూడా. ఫొహో అంటే డాన్సు పేరా, సంగీతం పేరా, పార్టీ పేరా? మా టీచరు మూడింటికీ అదే మాట వాడుతున్నాడు.

---

రెసిఫె కోడలు రాశారు:

తమ్ముడూ, ఆ సియరా అమ్మాయికి నా తరఫున నమస్కారం చెప్పు. ఆమె కోపంలో న్యాయం ఉంది.

మాది కాకినాడ. పెళ్లయి బ్రెజిల్ ఈశాన్యాన పెర్నాంబుకు రాష్ట్రపు రాజధాని రెసిఫె వచ్చాను. ఊరి పేరు ఇక్కడివాళ్లు ‘హెసీఫి’ అంటారు. పోర్చుగీసులో మాట మొదట్లో ఒక ఆర్, మాట మధ్యలో రెండు ఆర్‌లు వస్తే బ్రెజిల్ నోట్లో అవి ‘హ’ లాగా పలుకుతాయి. అందుకే ఫొహో. చివరి అక్షరం మీద ఒత్తు పడాలి, నోరు బాగా తెరిచి అనాలి.

ముందు నీ రెండో డౌటు తీరిస్తే మొదటిది సగం తేలిపోతుంది. ఫొహో అంటే మొదట డాన్సు కాదు, పాట కాదు. ఆడుకునే చోటు, ఆ రాత్రి జరిగే సందడి. మా అత్తగారు ఇదే రాష్ట్రంలో కరుఅరు అనే ఊరి దగ్గర పల్లెలో పెరిగారు. ఆవిడ చిన్నప్పుడు కరెంటు లేదు. ఎవరో ఒకరి ఇంటి ముందు మట్టి నేల చదును చేసి, కిరసనాయిలు దీపం కట్టి, అకార్డియన్ వాయించే మనిషిని పిలిపించేవారు. మొదలుపెట్టే ముందు దుమ్ము లేవకుండా నీళ్లు చిలకరించేవారు. జంటలు కాళ్లు ఈడుస్తూ ఆడుతుంటే ఒక గంటకల్లా ఆ తడి ఆరిపోయి మోకాళ్ల దాకా దుమ్ము లేచేది. అప్పుడు వాయిద్యం ఆపించి ఇంకో బిందె తెచ్చి చల్లేవారు. ఆ మధ్యలో ఆడవాళ్లు గోడ వారన నిలబడి చెప్పులు దులుపుకొనేవారట. ఇప్పటికీ ఆవిడ “ఇవాళ ఫొహో ఎవరింట్లో?” అనే అంటారు గానీ “ఫొహో ఆడదామా?” అనరు.

పాత పాటల్లోనూ ఇదే వాడుక. అకార్డియన్ వాయిస్తూ పాడే లూయిజ్ గొంజాగ, జె దాంతస్ కలిసి కట్టిన ‘ఫొహో ది మనె వీతు’ పాట విను. మనె వీతు అనే ఆయన ఇంట్లో జరిగిన ఫొహోలో కొట్లాట అవుతుంది. తన తప్పేం లేదని ఒకడు పోలీసు అధికారికి చెప్పుకుంటాడు, పాటంతా అదే. 1953లో జాక్సన్ దు పందేరు పాడిన ‘ఫొహో ఎం లిమొయేరు’లో లిమొయేరు ఊరు వెళ్లాను, అక్కడి ఫొహో నచ్చింది అంటాడు. అక్కడ ఫొహో అంటే సభ, సంత, జనం అన్నీ కలిసిన రాత్రి. అక్కడ వాయించే రకరకాల తాళాలకీ, ఆడే ఆటకీ కలిపి ఆ పేరు అంటుకోవడం తర్వాతి సంగతి.

ఇప్పుడు బోర్డు కథకి వద్దాం. అమెరికా స్థావరం ఉన్న మాట నిజమే. రియు గ్రాంది దు నోర్తి రాష్ట్రంలో నటాల్ పక్కన పర్నమిరింలో ఉండేది. దక్షిణ అమెరికా ఖండంలో ఆఫ్రికాకి బాగా దగ్గరగా ఉండే మూల అది. అక్కణ్ణుంచి విమానాలు అట్లాంటిక్ దాటి ఆఫ్రికా మీదుగా యుద్ధానికి పోయేవి. 1943 జనవరిలో రూజ్‌వెల్ట్ నటాల్‌లో దిగి బ్రెజిల్ అధ్యక్షుడు వర్గాస్‌ని కలిశాడు కూడా. ఊరి నిండా అమెరికా సైనికులు. ఇంతవరకూ చరిత్ర. కానీ 1937లోనే ‘ఫొహో న హొస’ అని గ్రామఫోను రికార్డు వచ్చేసింది. పల్లెలో ఫొహో అని దానర్థం. స్థావరం కట్టడానికి ఏళ్ల ముందే రికార్డు మీద అచ్చయిన మాట, ఆ స్థావరం బోర్డు నుంచి ఎలా పుడుతుంది?

మరి ఎక్కణ్ణుంచి వచ్చిందంటావా? ‘ఫొహొబొదొ’ అని ఇంకో మాట ఉంది, ఇదే మాటకి అక్క లాంటిది. మామూలు జనం డాన్సు, తిండి, తాగుడు, గలాటా, అన్నీ కలగలిసిన పార్టీ అని దాని అర్థం. 1912లో అప్పటి రాజధాని రియో డి జనీరోలో షికీన్య గొంజాగ సంగీతంతో ‘ఫొహొబొదొ’ అనే పేరుతోనే ఒక సంగీత నాటకం ఆడింది. ఊరి మధ్యతరగతికి దిగువన ఉన్నవాళ్లు డాన్సు చేసుకునే క్లబ్బులో కథ. ఈ షికీన్యకీ లూయిజ్ గొంజాగకీ చుట్టరికం లేదు, ఇంటిపేరు ఒకటే. బ్రెజిల్‌లో ఆర్కెస్ట్రా ముందు కర్ర పట్టి నిలబడిన తొలి మహిళ ఆవిడ. అంటే 1912 నాటికి రాజధాని నాటకశాల టికెట్టు కొని చూసే జనానికి విడమర్చి చెప్పనక్కర్లేనంతగా ఆ మాట పాకిపోయింది. దాని మొదటి రెండక్షరాలే ఉంచి, మిగతాది తుంచేసి, చివర ఒత్తి పలికితే ఫొహో. అర్థం అదే, మనుషులు అదే రకం.

ఇది నా ఊహ కాదు. లూయిస్ ద కామర కస్కూదు అని బ్రెజిల్ జానపద విజ్ఞానానికి పెద్ద దిక్కు. 1954లో బ్రెజిల్ జానపద నిఘంటువు వేశారు. ఫొహో అనేది ఫొహొబొదొకి పొట్టి రూపం అన్నది ఆయన మాట. ఇందులో నాకు బాగా బలంగా కనిపించే విషయం ఇంకొకటి ఉంది. కస్కూదు గారు నటాల్‌లో పుట్టారు, నటాల్‌లోనే బతికారు, 1986లో నటాల్‌లోనే పోయారు. అమెరికన్లు వచ్చినప్పుడు ఆయనకి నలభై పైన. ఆ మాట ఆ ఊళ్లో, ఆ సైనికుల బోర్డు మీద పుట్టి ఉంటే జానపదుల ప్రతి మాటా రాసుకుంటూ తిరిగిన మనిషికి తెలియకుండా పోతుందా?

ఫొహొబొదొ దానికదే ఎక్కడిదన్న దాని మీద పండితులు ఒక మాట మీద లేరు. ఎవనిల్దు బెషార అనే భాషావేత్త దాన్ని స్పెయిన్ వాయవ్య మూలనున్న గలీసియా మాటకీ, అక్కణ్ణుంచి పాత ఫ్రెంచి సంగీతపు మాటకీ ముడిపెట్టారు. ఆఫ్రికా భాషల వైపు చూసేవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే అది వేరే చర్చ. ఫొహో పుట్టింది ఫొహొబొదొ నుంచి అన్న దగ్గర మాత్రం నాకు ఏ సందేహమూ లేదు.

---

కృష్ణలంక రాశారు:

రెసిఫె కోడలు గారూ, చాలా విషయాలు తెలిశాయి, థాంక్సండీ. ఒక చిన్న మాట. అమెరికన్ల కథ తారీఖులతో పోయింది, ఒప్పుకున్నాను. ఇంగ్లీషు రైల్వే కథ మాత్రం 1937తో పోదు కదా? ఆ కంపెనీలు పంతొమ్మిదో శతాబ్దంలోనే వచ్చాయి. ఇంకోటి, ‘అందరికీ’ అనే అర్థం ఎంత బాగుంది చెప్పండి! పేద, గొప్ప తేడా లేకుండా అందరూ ఆడే డాన్సుకి అలాంటి కథ ఉంటే నష్టమేముంది? నేను చూసిన ఓ వీడియోలో బ్రెజిల్ వాళ్లే ఈ కథ చెప్పారు.

---

రెసిఫె కోడలు రాశారు:

కృష్ణలంక గారూ, మంచి ప్రశ్నే వేశారు.

బ్రెజిల్‌వాళ్లే చెబుతారు, నిజమే. ఇక్కడ మా పక్కింటాయన కూడా చెబుతాడు. జెరాల్దు అజెవేదు అనే పెద్ద గాయకుడు 1980ల్లో ఈ కథ మీదే ‘ఫర్ ఆల్ పర తోదుస్’ పాట కట్టాడు. 1997లో నటాల్ స్థావరం మీద ‘ఫర్ ఆల్’ అని సినిమా వచ్చింది. పాట బాగుంటుంది, నేనూ పాడుకుంటాను. పాటగా దానితో నాకు పేచీ లేదు. క్లాసులో టీచరు చరిత్రగా చెబితేనే పేచీ.

రైల్వే సంగతి. గ్రేట్ వెస్టర్న్ అనే ఇంగ్లీషు కంపెనీ పెర్నాంబుకులో లైన్లు వేసింది, అది నిజం. ఇక్కడ పాత స్టేషన్లు ఇప్పటికీ కనిపిస్తాయి. వాళ్ల ఇంజనీర్లు పార్టీలు చేసుకునే ఉంటారు. కానీ ఈ కథ నిలబడాలంటే రెండు నమ్మాలి. ఒకటి, ఇంగ్లీషు అక్షరం ముక్క రాని కూలీలు, ఆ మాటకొస్తే పోర్చుగీసు చదవడమే రానివాళ్లు, ఇంగ్లీషు బోర్డు చదివారని. రెండు, అప్పటికే అదే అర్థంతో, అదే మొదలుతో ఉన్న ఫొహొబొదొ అనే మాట వాడుకలో ఉండగా దానితో ఏ సంబంధమూ లేకుండా ఇది విడిగా పుట్టిందని. ఇంట్లో ఉన్న మాటని కుదించుకోవడం ఎవరైనా చేసే పని. ఊళ్లో మనుషులు పెద్ద మాటలు తుంచుకోవడానికి ఎవరి బోర్డూ అక్కర్లేదు.

నష్టమేముందన్నారు. ఇది కొంచెం పెద్దగా చెప్పాలి, విసుక్కోకండి.

బ్రెజిల్ ఈశాన్యం అంటే కరువు ప్రాంతం. లోపలి మెట్టభూమిని సెర్తావ్ అంటారు. వరసగా వానలు లేకపోతే పశువులు చచ్చి, మనుషులు మూటలు కట్టుకుని సావ్ పావ్లుకీ రియోకీ లారీల వెనక చెక్కల మీద కూర్చుని పోయేవారు. అక్కడ భవనాలు కట్టింది వాళ్లే, అంట్లు తోమింది వాళ్లే. వాళ్ల యాసని ఎగతాళి చేశారు, వాళ్ల సంగీతాన్ని మోటు అన్నారు. లూయిజ్ గొంజాగ కూడా అలా వెళ్లినవాడే. 1912 డిసెంబరు 13న పెర్నాంబుకు పడమటి అంచున ఎషూ అనే ఊళ్లో పుట్టాడు. నాన్న జనువారియు పొలం పని చేస్తూ అకార్డియన్లు బాగుచేసేవాడు, ఎనిమిది బాసు మీటలున్న చిన్న అకార్డియన్ వాయించేవాడు. కొడుకు ఇల్లు వదిలి సైన్యంలో చేరి, 1939లో బయటికొచ్చి రియోలో తేలాడు. బార్లలో టాంగోలు, వాల్ట్జ్‌లు వాయించి చిల్లర ఏరుకునేవాడు. సియరా నుంచి చదువుకోడానికి వచ్చిన కుర్రాళ్లు కొందరు ఒకరోజు అడిగారు, నీ ఊరి పాట ఎందుకు వాయించవు అని. వాయించాడు. తర్వాత అదే బాణీతో రేడియో పోటీలో గెలిచాడు.

1946లో ఉంబెర్తు తెయిషేర అనే సియరా లాయరుతో కలిసి ‘బయావ్’ పాట కట్టాడు, ఆ మరుసటి ఏడాది ‘అజ బ్రాంక’. ‘అజ బ్రాంక’ అంటే తెల్ల రెక్క, సెర్తావ్‌లో తిరిగే ఒక పావురం. కరువుకి ఆ పిట్ట కూడా వెళ్లిపోయింది, నేనూ వెళ్తున్నాను, వాన పడితే నీ కోసం తిరిగొస్తానని ప్రియురాలికి చెప్పే పాట. ఈశాన్యంలో ఆ పాట రాని పిల్లాడు నాకింతవరకు కనపడలేదు. గొంజాగ పశువుల కాపరుల తోలు టోపీ పెట్టుకుని రాజధాని వేదికలెక్కాడు. ఎవరు దేన్ని చూసి నవ్వారో దాన్నే నెత్తిన పెట్టుకున్నాడు.

ఆ మనుషులు చేసుకున్న పండగకి పేరు కూడా వాళ్లే పెట్టుకున్నారు. ఆ ఒక్కటి కూడా తీసేసి, పరాయి కంపెనీ దయతలచి తలుపు తీస్తే లోపలికి వచ్చారు, వాళ్ల బోర్డే మీకు పేరయింది అంటే ఎలా ఉంటుందండీ? ‘అందరికీ’ అన్న అర్థం బాగుందన్నారు. మట్టి వాకిట్లో దీపం కట్టి వచ్చినవాళ్లందర్నీ ఆడించింది మా అత్తగారి ఊరివాళ్లు. అందరికీ అన్నది వాళ్ల పద్ధతి, అది ఎవరూ ఇంగ్లీషులో రాసి ఇవ్వలేదు.

---

తకిట తక రాశారు:

మృదంగం నేర్చుకున్నవాణ్ణి, ప్రస్తుతం లిస్బన్‌లో ఉద్యోగం. ఇక్కడ బ్రెజిల్ మిత్రులతో కలిసి జబుంబ అనే డోలు వాయిస్తుంటాను కాబట్టి వాయిద్యం వైపు నుంచి కొంత చెబుతాను. పేరు గురించి అక్కగారు చెప్పాక ఇక మిగల్లేదు.

ఫొహోకి ముగ్గురు చాలు. అకార్డియన్‌ని సన్‌ఫోన అంటారు. రెండోది జబుంబ, మూడోది ట్రయాంగిల్, అంటే పుల్లతో కొట్టే లోహపు త్రికోణం. ఈ ముగ్గుర్నీ ఒక జట్టుగా స్థిరపరిచింది గొంజాగే. జబుంబ పల్లెల్లో పిల్లనగ్రోవి బృందాల దగ్గర అప్పటికే ఉంది. ట్రయాంగిల్ వీధిలో తినుబండారాలు అమ్ముకునేవాళ్లు జనాన్ని పిలవడానికి మోగించేది.

జబుంబ వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ ఉన్న డోలు. భుజానికి తగిలించుకుని కొంచెం వాలుగా పట్టుకుంటాం. పై చర్మం మీద కుడిచేత్తో గుడ్డ చుట్టిన మెత్తటి కర్ర, అది గంభీరంగా మోగుతుంది. కింది చర్మం మీద ఎడమచేత్తో సన్నటి పుల్ల, దాన్ని ‘బకల్యావ్’ అంటారు, అది చిటుక్కుమంటుంది. కొట్టాక మెత్తటి కర్రని చర్మానికి ఆనించి ఉంచితే శబ్దం మూసుకుపోతుంది, వెంటనే తీసేస్తే తెరుచుకుంటుంది. ఫొహోలో వాయించే బయావ్ అనే తాళం మనవాళ్లకి చెప్పాలంటే ఎనిమిది అక్షరాల్ని తకిట తకిట తక అని విడగొట్టడమే. మొదటి తకిట మొదట్లో ఒక పెద్ద దెబ్బ, రెండో తకిట మొదట్లో ఇంకోటి, ఆఖరి తక దగ్గర కింద పుల్ల. ఆ రెండో దెబ్బ మనం అడుగు వేసే చోట పడదు, కాస్త ముందే పడుతుంది. మనిషిని ముందుకు తోసేది అదే. క్లాసులో కాలు దానంతటదే లేస్తోందంటే కారణం ఇదే తమ్ముడూ.

ట్రయాంగిల్ చూడ్డానికి తేలిక. పది నిమిషాలు వాయిస్తే ముంజేయి పట్టేస్తుంది. ఎడమచేతి వేలికి వేలాడదీసి, అదే చేతి మిగతా వేళ్లతో మూస్తూ తెరుస్తూ ఉండాలి. అడుగుకి నాలుగు దెబ్బలు, మూడోది మాత్రం వేళ్లు తెరిచి మోగనివ్వాలి. అది ఒక్కటి తప్పితే సన్‌ఫోన వాయించేవాడు తలెత్తి చూస్తాడు.

గొంజాగ పాటల్లో నాకు ప్రాణం ‘హెస్పెయిత జనువారియు’. 120 బాసుల పెద్ద అకార్డియన్ వేసుకుని గొప్పగా ఊరికి తిరిగొస్తాడు. ఊళ్లో ముసలాయన “నీది ఎంత పెద్దదైనా మీ నాన్న ఎనిమిది బాసులకి మర్యాద ఇవ్వు” అంటాడు. ఆ ఎనిమిది బాసుల చిన్న సన్‌ఫోన వాయించడం కష్టం, అది తెలిసినవాళ్లకి ఈ పాట ఇంకా బాగుంటుంది.

---

ఓరుగల్లు కుర్రాడు రాశారు:

అక్కా, అన్నా, ఇంత రాస్తారనుకోలేదు. చాలా థాంక్స్. తకిట తకిట తక అని నోట్లో అనుకుంటూ నిన్న ఆడాను, నిజంగా తేడా తెలిసింది. 1937 రికార్డు సంగతీ 1912 నాటకం సంగతీ మా టీచరుకి చెప్పాను. ఆయన నోట్‌బుక్కులో రాసుకున్నాడు, వచ్చే క్లాసులో చెబుతానన్నాడు. సియరా అమ్మాయి కస్కూదు పేరు వినగానే “మా స్కూల్లో ఆయన బొమ్మ ఉండేది” అంది.

ఇంకో రెండు డౌట్లు. మా క్లాసులో తిప్పుళ్లు చాలా ఉంటాయి, చేయి పైకెత్తి అమ్మాయిని తిప్పడం, నేను తిరగడం. యూట్యూబ్‌లో పల్లె వీడియోలు చూస్తే ఎవరూ తిరగట్లేదు, దగ్గరగా పట్టుకుని అక్కడక్కడే ఆడుతున్నారు. ఏది అసలైనది? ఇంకోటి, వచ్చే ఏడాది జూన్‌లో బ్రెజిల్ రావాలని ఉంది. ఎక్కడికి రావాలి?

---

రెసిఫె కోడలు రాశారు:

టీచరు రాసుకున్నాడంటే మంచి టీచరే.

రెండూ ఫొహోనే. నువ్వు నేర్చుకుంటున్నది ‘యూనివర్సిటీ ఫొహో’ అనే దారి. 1990ల్లో సావ్ పావ్లు కాలేజీ కుర్రాళ్లు పాత ముగ్గురి వాయిద్యాన్ని మళ్లీ పట్టుకున్నారు. ఎస్పిరితు సాంతు రాష్ట్రంలో ఇతావునస్ అనే సముద్రపు ఒడ్డు పల్లెకి సెలవులకి వెళ్లి రాత్రంతా ఆడేవారు. ఆ పాత ఊరు ఇసుక మేటల కింద పూడిపోతే నది అవతల కొత్తగా కట్టుకున్నారు, ఫొహోవాళ్లకి అదిప్పుడు యాత్రాస్థలం. సల్సా నుంచీ వేరే డాన్సుల నుంచీ తిప్పుళ్లు ఈ దారిలోనే చేరాయి. యూరప్‌కి ఎక్కువగా వచ్చింది ఇదే.

ఇక్కడ ఈశాన్యంలో మాత్రం దగ్గరగా పట్టుకోవడమే డాన్సు. మా వాళ్లు దాన్ని ‘హాల బూషు’ అంటారు, పొట్టకి పొట్ట రాసుకోవడం అని. వినడానికి మోటుగా ఉన్నా అందులో అసభ్యం ఏం లేదు, తాతయ్య మనవరాలితో ఆడతాడు, పాట మారితే జంట మారుతుంది. అడుగులు అటు రెండు, ఇటు రెండు, అంతే. అసలు పనంతా మోకాళ్లలో, నడుములో ఉంటుంది. భుజాలు కదలవు. మా అత్తగారు నాకు నేర్పేటప్పుడు ఒకటే చెప్పారు, అరికాలు నేల వదలకూడదని. నీళ్లు చల్లిన మట్టి మీద నేర్చుకున్న కాలు అది. కాలెత్తితే జారుతుంది, ఈడిస్తే నిలుస్తుంది. అందుకే వేగం తాళానికి ‘అహాస్త పె’ అని పేరు, కాలీడ్చు అని. నెమ్మదిగా ఉండేది ‘షోటి’, అది యూరప్ నుంచి ‘షాటిష్’గా వచ్చి ఇక్కడ మెత్తబడింది. చూశావా, బయటి నుంచి వచ్చిన మాట ఉంటే ఇక్కడివాళ్లు ఒప్పుకుంటారు, దాచుకోరు. ‘షషాదు’ అని ఇంకోటి ఉంది. లాంపియావ్ ముఠా బందిపోట్లు ఆడేదంటారు. జంట లేక తుపాకీనే జోడీ చేసుకుని ఆడేవారట.

ఫోర్తలేజా వైపు 1990ల నుంచి కీబోర్డు, డ్రమ్సు, డాన్సర్లతో పెద్ద బ్యాండ్ల ఫొహో వచ్చింది. మా పిల్లలు అదే వింటారు. నా మనసు ముగ్గురి వాయిద్యం మీదే, దాన్ని ‘పె ది సెహ’ అంటారు, కొండ పాదం అని. 2021 డిసెంబరులో బ్రెజిల్ ప్రభుత్వ వారసత్వ సంస్థ ఈ సంప్రదాయ ఫొహోని దేశ సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసింది. గొంజాగ పుట్టిన డిసెంబరు 13 ఎలాగూ జాతీయ ఫొహో దినం.

జూన్ ప్రయాణం. జూన్ 24 సావ్ జువావ్ పండగ. ఊరంతా ఇళ్ల ముందు మన భోగి లాగా మంటలు వేస్తారు, మొక్కజొన్నతో చేసిన పామొన్య, కంజిక తింటారు. అప్పుడు ఇక్కడ చలికాలం లెక్క, లోపలి ఊళ్లలో రాత్రి స్వెటర్ కావాలి. కరుఅరు, పక్క రాష్ట్రం పరాయిబలోని కంపీన గ్రాంది రెండూ మాదే పెద్ద పండగంటే మాదని పోటీ. కంపీన గ్రాందిలో పార్కి దు పోవు మైదానంలో దాదాపు నెల రోజులు జరుగుతుంది. అక్కడ పెద్ద స్టేజీ దగ్గర జనం తోసుకుంటారు, ఆడేంత చోటుండదు. మైదానంలో చిన్న చిన్న గుడిసెల్లాంటివి కడతారు, ముగ్గురు వాయించేవాళ్లు కూర్చుని ఉంటారు. నువ్వు అక్కడికి పో. ఎవరినైనా చేయి చాపి అడగొచ్చు, పోర్చుగీసు రాకపోయినా ఏం కాదు. వద్దంటే నవ్వి తలూపి పక్కకి రా, అక్కడ మర్యాద అది.

రూములు మాత్రం ముందే చూసుకో, జూన్ దగ్గర పడితే ఆ రెండు ఊళ్లలో దొరకవు. రెసిఫె విమానాశ్రయంలో దిగితే కరుఅరుకి బస్సులో రెండున్నర గంటల లోపే. నాకు ఇక్కడే మెసేజ్ పెట్టు, అత్తగారి పల్లెలో ఇంకా వాకిట్లో ఆడేవాళ్లు ఉన్నారు, తీసుకెళ్తాం. చదునైన అట్ట ఉన్న తోలు చెప్పులు తెచ్చుకో, రబ్బరు అట్ట అయితే మట్టిని పట్టేస్తుంది.